ఆ రసీదు మీద తేదీ ఏముంది?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. గొల్లలం, బీసీ-డి. మా అమ్మాయికి నీట్ ఆలిండియా కోటాలో ఓబీసీ కింద ఒడిశాలో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. చేరడానికి వెళ్తే ఓబీసీ సర్టిఫికెట్ పాతదని వెనక్కి పంపేశారు. కొత్తదానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టాం, ఇంకా రాలేదు. మా పిల్ల కన్నా తక్కువ మార్కులు వచ్చినవాళ్లు చేరిపోయారు. ఇక రిజర్వేషన్ ఉండి ఏం లాభం? పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇప్పిస్తానని ఒకాయన 15 వేలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: నాలుగు పేజీలు రాశారు గానీ, అసలు కావలసిన ముక్క రాయలేదు. కొత్త సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టింది ఏ రోజున? కోర్టుకు వెళ్తే కేసు నిలిచినా పోయినా ఆ తేదీని బట్టే.

తక్కువ మార్కుల వాళ్ల సంగతి వదిలేయండి. ఆలిండియా కోటాలో ఓబీసీలకు 27 శాతం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022 జనవరిలోనే చెప్పింది. మీ హక్కును ఎవరూ కాదనలేదు, కాగితాన్ని కాదన్నారు. కులం మారదు కదా అని పాతదే పట్టుకెళ్లారు. కానీ ఆ సర్టిఫికెట్ మీరు క్రీమీ లేయర్, అంటే ఓబీసీల్లో రిజర్వేషన్ అందని పైస్థాయి వాళ్లు, కాదని కూడా చెప్పాలి. అది ఏటా మారొచ్చు, అందుకే ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే అడుగుతారు. నీట్ బులెటిన్‌లో ఉన్న మాటే ఇది. పిల్లను అంత కష్టపడి చదివించి, ఆ ఒక్క పేజీ చదవకపోవడం తప్పు కాదా?

దరఖాస్తు కాలేజీలో చేరే గడువుకు బాగా ముందే పెట్టి, తహసీల్దారు ఆఫీసులో ఆగిపోయి ఉంటే మీకు దారి ఉంది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన కృష్ణ శ్రద్ధ కేసులో 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఏమందంటే, తప్పు విద్యార్థిది కాకుండా అధికారులదై, విద్యార్థి ఆలస్యం చేయకుండా కోర్టుకు వస్తే, అరుదైన కేసుల్లో ఆఖరి తేదీ దాటిన నెలలోపు కూడా సీటు ఇప్పించవచ్చు, లేదా వచ్చే ఏడాది ఇప్పించవచ్చు. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు ఇన్ని రోజులని గడువు రాసి లేదు. అయినా అడ్మిషన్ కేసుల్లో వారం ఆలస్యమైతే చాలు, చేతికొచ్చేది జారిపోతుంది. కాలేజీ ఒడిశాలో ఉన్నా తహసీల్దారు మన జిల్లావాడు కాబట్టి రాజ్యాంగం 226(2) అధికరణం కింద అమరావతి హైకోర్టులో వేయవచ్చు. సీటు పోయాక దరఖాస్తు పెట్టి ఉంటే మాత్రం కోర్టుకు వెళ్లి డబ్బు పోగొట్టుకోకండి.

ఆ 15 వేల మనిషిని గుమ్మం ఎక్కనివ్వకండి. నంబరు కొడితే సర్టిఫికెట్ ఏ రోజు ఇచ్చారో కంప్యూటర్లో తెలిసిపోతుంది. నిజమైన కులానికి దొంగ కాగితం పుట్టించినా ఫోర్జరీయే. కేసు మీ మీద ఒక్కరి మీదే ఉండదు, దాన్ని చూపించిన అమ్మాయి మీద కూడా పడుతుంది.

అన్నిటికన్నా ముందు రాష్ట్ర కౌన్సెలింగ్ చూడండి. అక్కడ బీసీ-డికి 7 శాతం ఉంది, క్రీమీ లేయర్ అడగరు, కుల ధ్రువీకరణ పత్రం చాలు. అమ్మాయి రిజిస్టర్ అయి ఉంటే తర్వాతి రౌండుకు ఆప్షన్లు ఈరోజే పెట్టించండి.

సచివాలయం ఇచ్చిన రసీదు మీద దరఖాస్తు నంబరు, తేదీ ఉంటాయి. జేబులో మడిచి పెట్టుకుంటే చెమటకు అక్షరాలు చెరిగిపోతాయి, వెంటనే రెండు జిరాక్సులు తీయించండి. సర్టిఫికెట్ ఎందుకు ఆగిందో రాతపూర్వకంగా చెప్పమని తహసీల్దారుకు అర్జీ ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. సీటు ఎందుకు ఇవ్వలేదో కాలేజీ నుంచి మెయిల్‌లోనైనా రప్పించండి. ఈ మూడూ పట్టుకుని వకీలు దగ్గరకు వెళ్లండి.