సెలక్షన్లలో అన్యాయం జరిగిందా? ముందు తూకం పుస్తకం అడగండి

"మా అబ్బాయిని జిల్లా కబడ్డీ జట్టులోకి తీసుకోలేదు, ఎవరికి ఫిర్యాదు చేయాలి?" అని అడిగారు. ఎవరికన్నది తర్వాత చూద్దాం. ముందు మీ చేతిలో కాగితం ఏదైనా ఉందా? ఉండదు. కబడ్డీ సంఘం వాళ్ల దగ్గరా ఉండదు. సెలక్షన్లలో జరిగే అన్యాయమంతా ఆ కాగితం లేకపోవడంలోనే ఉందని నా గట్టి నమ్మకం.

మా పిన్ని కొడుకు జూనియర్ సెలక్షన్‌కి వెళ్లిన రోజు నేను వాడి వెంటే ఉన్నాను. అప్పట్లో జూనియర్ అబ్బాయిలు 70 కిలోలు దాటకూడదని నియమం. హైస్కూల్ గ్రౌండ్‌లో చింతచెట్టు కింద తూకం మిషన్ పెట్టారు. రాత్రి నుంచి అన్నం ముట్టకపోయినా వాడు 70 కిలోల 300 గ్రాములు తూగాడు. "పరిగెత్తి రా, మళ్లీ చూస్తాం" అన్నారు సార్. మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకుని, దాని మీద నా రెయిన్‌కోటు తొడుక్కుని గ్రౌండ్ చుట్టూ ముప్పావుగంట పరిగెత్తాడు. పెదాలు తెల్లగా పాలిపోయి, మాట కూడా రాని స్థితిలో తిరిగొచ్చేసరికి మిషన్‌ని అట్టపెట్టెలో సర్దేశారు. "టైమ్ అయిపోయింది బాబూ" అన్నారు, అంతే.

అందరి బరువులూ రాసిన పుస్తకం ఒక్కసారి చూపించమని అడిగాను. అసలు పుస్తకమే లేదు. మిషన్ వైపు చూడటం, నోటితో ఓకే అనడం, అదే రికార్డు. రాత్రి పది దాటాక పన్నెండు పేర్లు వాట్సాప్‌లో వచ్చాయి. అందులో ఒక కుర్రాడు మిషన్ ఎక్కగా నేను చూడలేదు. కూతకెళ్తే బోనస్ లైన్ దాకా కూడా వెళ్లకుండా వెనక్కొచ్చినవాడు. ఆ రోజు షామియానా, భోజనాలు వాళ్ల నాన్నగారే పెట్టించారు. ఎంట్రీ ఫీజని తలా రెండొందలు తీసుకున్నారు, దానికీ రసీదు లేదు. పిల్లల దగ్గర రసీదు లేకుండా డబ్బు తీసుకోవడానికి మనసెలా ఒప్పుతుందో నాకిప్పటికీ అర్థం కాదు.

300 గ్రాములే కదా అనుకోకండి. జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి నేషనల్స్‌కి వెళ్తేనే ఫారం-2, అంటే రాష్ట్రం తరఫున ఆడినట్టు ధ్రువపత్రం, వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి అదొక ఆధారం. దాని మీద సంతకం పెట్టేది రాష్ట్ర సంఘం కార్యదర్శి. అందుకే ఆయన్ని ప్రశ్నించడానికి ఏ తండ్రికైనా భయం.

పైస్థాయిలోనూ ఇంతే. 2018లో జకార్తా ఆసియా క్రీడల జట్టు ఎంపికలో అన్యాయం జరిగిందని మాజీ ఆటగాళ్లు ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. ఎంపికైనవాళ్లూ, కానివాళ్లూ సెప్టెంబర్ 15న మ్యాచ్ ఆడాలని కోర్టు ఆదేశించింది. దేశానికి ఆడొచ్చిన జట్టు ఆ రోజు రానేలేదు! 1990 నుంచి వరసగా ఏడు స్వర్ణాలు గెలిచిన పురుషుల జట్టు ఆ ఏడాది సెమీస్‌లో ఇరాన్ చేతిలో ఓడింది. అదే ఏడాది జాతీయ సమాఖ్యలో జీవితకాల అధ్యక్ష పదవి, ఆ అధ్యక్షుడి భార్య అధ్యక్షురాలిగా ఎన్నిక, రెండూ చెల్లవని కోర్టు తేల్చింది. ముందు నుంచీ సెలక్షన్ మార్కులు కాగితం మీద ఉండి ఉంటే కోర్టుతో మ్యాచ్ పెట్టించుకునే అవసరమే వచ్చేది కాదు.

ఇక మీరు చేయాల్సింది చెప్తాను. తూకం, మార్కుల రికార్డు చూపించమని జిల్లా సంఘానికి, రాష్ట్ర సంఘానికి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపండి. కాపీ ఒకటి జిల్లా క్రీడాధికారికి ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద స్టాంపు వేయించుకోండి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. సమాచార హక్కు కింద అది తీసుకోండి. నేను తీసుకున్నాను. ఏళ్ల తరబడి అదే కార్యదర్శి, కోశాధికారి ఆయన బావమరిది. ఆ కాగితాలు పట్టుకెళ్లి అడిగితే మొదటిసారి నాకు కుర్చీ వేశారు.

మా తమ్ముడికి ఆ ఏడాది పోయింది, మరుసటి ఏడాదికి వయసు దాటిపోయింది. ఇప్పుడు మా ఊరి పిల్లలతో నేనే సెలక్షన్‌కి వెళ్తాను. ప్రతి పిల్లాడూ మిషన్ మీద ఉండగా అంకె కనపడేలా ఫొటో తీస్తాను. మొన్న వెళ్లినప్పుడు సార్ నన్ను చూసి ఒక నోటుపుస్తకం తెప్పించి, పేర్లూ బరువులూ వరసగా రాయించారు.