దగ్గరి విమానాలు మాయమవుతున్నాయా? గెయిన్ తగ్గించండి

శంషాబాద్ దగ్గర మేడ మీద ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ (విమానాలు పంపే రేడియో సిగ్నళ్లను పట్టే చిన్న యూఎస్‌బీ డాంగిల్) పెట్టాను, దూరపు విమానాలు తెర మీద బాగానే కనిపిస్తున్నాయి, రన్‌వే దగ్గరికి రాగానే మాయమవుతున్నాయి అన్నారు కదండీ. టెన్షన్ పడకండి, డాంగిల్ పాడై ఉండదు. డంప్1090లో (ఆ సిగ్నళ్లను చదివే సాఫ్ట్‌వేర్) గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే మోతాదు, 49.6 పెట్టారు, పైగా యాంప్లిఫయర్ కూడా తగిలించారు. దగ్గరి విమానం సిగ్నల్ అసలే గట్టిగా ఉంటుంది. దాన్ని ఇంకా పెంచితే రిసీవర్ తట్టుకోలేదు, పల్సులు చెడిపోతాయి, మెసేజ్ డీకోడ్ కాదు. ముందు యాంప్లిఫయర్ తీసేయండి. తర్వాత గెయిన్ 40.2, 36.4, 32.8 ఇలా దించుతూ, ఒక్కో సెట్టింగ్‌ను పూర్తిగా ఒకరోజు చూడండి (విమానాల రద్దీ గంటగంటకూ మారుతుంది). సిగ్నల్ బలం మైనస్ 3 డీబీ (డెసిబెల్) దాటిన మెసేజ్‌లు 5 శాతం మించుతుంటే ఇంకా తగ్గించాలి. పక్కనే సెల్ టవర్ ఉంటే దాని సిగ్నల్‌ను ఆపి, విమానాల మెసేజ్‌లు వచ్చే 1090 మెగాహెర్ట్జ్‌ను రానిచ్చే ఫిల్టర్ కొనడం దండగ కాదు. యాంటెన్నా కడ్డీని పూర్తిగా లాగొద్దు, సుమారు 6.9 సెంటీమీటర్లు చాలు.