కసిమి కుండ దగ్గర నలుగురూ కూచోండి

తిరుపతి,
బుధవారం రాత్రి

బుజ్జీ,

అత్త దీవించి రాసేది. నిన్న మీ నాయన ఫోన్ చేసి అరగంట మాట్లాడినాడు. అందులో ఇరవై నిమిషాలు ఒకటే పాట: "ఎంసెట్‌లో ఆ ర్యాంకు తెచ్చుకుని లిబరల్ ఆర్ట్స్ అంటా ఉంది, అన్ని శాఖలూ కలిపి చదువుతాదంట, నువ్వన్నా చెప్పక్కా." సందుకో కోచింగ్ సెంటరున్న ఊళ్ళో కాపురముండే మనిషి అట్లా కాక ఇంకెట్లా మాట్లాడతాడు! ఆయనకు చెప్పాల్సింది చెప్పినా. నీకు చెప్పాల్సింది వేరే ఉంది, అది ఫోన్లో తెగేది కాదు.

చేతికి రంగూ మట్టీ అంటుకునే చదువే కావాలని నువ్వు పట్టుబట్టినావని విన్నప్పుడు మా ఇంటి పిల్లే అనిపించింది. ఆ వెనకే భయం పుట్టింది. నీ ఉద్యోగం గురించి కాదులే. దేని గురించో కింద వస్తుంది.

చిల్లర సంగతులు ముందు చెప్పేస్తా. యూనివర్సిటీల మీద ఉండే యూజీసీ 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేండ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేండ్లకు 160. క్రెడిట్ అంటే చదువును గంటల్లో కొలిచే లెక్క. ఆ 120లో 60 మేజర్‌కే, అంటే నీ ముఖ్య శాఖకే పోతాయి, 24 మైనర్‌కి, అంటే పక్క శాఖకి, వేరే శాఖల రుచి చూసేదానికి 9. "అన్నీ కొంచెం కొంచెం, ఏదీ రాదు" అని వెక్కిరించేవాళ్ళకు ఈ లెక్క చూపించు. నువ్వు చేరేచోట అంకెలు అటూ ఇటూ ఉండొచ్చు, చేరిన రోజే ఆ కాగితం అడిగి తీసుకో. క్లాసులో కూచునే క్రెడిట్‌కి సెమిస్టర్లో 15 గంటలు, ప్రాక్టికల్ క్రెడిట్‌కి 30. కాబట్టి చేత్తో చేసే కోర్సులు ఒక సెమిస్టర్లో రెండు మించొద్దు. మూడు పెట్టుకుంటే మూడూ చెడతాయి. స్టాటిస్టిక్స్ మొదటి ఏడాదే చదివేయి. నాలుగో ఏడాది రీసెర్చితో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి, అది అయిదో సెమిస్టర్లో గుర్తొస్తే లాభం లేదు.

రెండో ఏడాది అయ్యేలోపల ఒక శాఖను గట్టిగా పట్టుకో. చరిత్రో, కెమిస్ట్రీయో, ఎకనామిక్సో నీ ఇష్టం, ఆ శాఖవాళ్ళు నీ పనికి వంక పెట్టలేనంత లోతుగా. ఏ ఒక్కదాంట్లోనూ లోతు లేని మనిషి జట్టులో చేరితే టీ తెచ్చేదానికి మాత్రం పనికొస్తాడు.

ఇప్పుడు అసలు సంగతి. ప్రాజెక్టు అనంగానే పిల్లలు చేసే మొదటి పని పంచుకోవడం. నలుగురుంటే నాలుగు ముక్కలు. చివరి వారంలో ఆ ముక్కలన్నీ కలిపి స్టేపుల్ కొట్టి, అట్ట మీద ఇంటర్‌డిసిప్లినరీ, అంటే శాఖలన్నీ కలిసి చేసింది అని రాస్తారు. అట్లాంటి రిపోర్టు ఒకదాని మీద గైడు అని సంతకం పెట్టింది నేనే. ఇప్పటికీ అది బీరువాలో ఉంది, తెరిస్తే చెవులు కాల్తాయి. ముక్క ముక్కా చెప్తా విను, నువ్వూ అదే చేయబోతావు కాబట్టి.

విషయం శ్రీకాళహస్తి కలంకారీ. మచిలీపట్నం మాదిరి అచ్చులు కాదు ఇక్కడ, వెదురు పుల్లకు గుడ్డ చుట్టిన కలంతో గీసేది. కెమిస్ట్రీ పిల్లవాడికి నలుపు అప్పజెప్పినాము. నలుపంటే కసిమి. తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం, నీళ్ళు కలిపి రెండు మూడు వారాలు పులియబెడితే బెల్లం పులిసి ఆమ్లమై ఇనుమును కరిగిస్తుంది. ఆ నీళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడితే కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నలుపవుతుంది. వీడు ఇదంతా పుస్తకంలో చదివి, హాస్టల్లోనే చేసినాడు. అంగట్లో మెరిసే కొత్త మేకులు కొన్నాడు, ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించినాడు, అయిదు రోజులకు తీసి గీసినాడు. బూడిద రంగు గీత వచ్చింది. "సంప్రదాయ పద్ధతిలో నలుపు నిలకడగా రాదు" అని రిపోర్టులో రాసేసినాడు.

ఎందుకు రాలేదో చూడు. ఆ మేకులకు జింకు పూత. ఆమ్లం ముందు జింకును తింటుంది, దాని అడుగున ఉన్న ఇనుము క్షేమంగా ఉంటుంది. జింకుకు కరక్కాయతో నలుపు రాదు. అయిదు రోజుల్లో ఇనుము దాకా పోనేలేదు. ఇంకొకటి, గుడ్డకు మిల్లు గంజి పోలేదు. గంజి ఉన్నచోట కరక్కాయ పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. మూడోది అన్నిటికన్నా చిన్నది. మంచి కసిమి కూడా కలం నుంచి దిగేటప్పుడు పల్చగా, పాత టీ నీళ్ళ మాదిరే ఉంటుంది. గాలి తగిలి చూస్తా ఉండంగానే నల్లబడుతుంది. వీడు గీసిన నిమిషానికే ఫోటో తీసి ముగించినాడు.

చరిత్ర చదివే అమ్మాయికి బొమ్మల కథ. కలంకారీ గుడ్డ మధ్యలో పెద్ద బొమ్మ ఉంటుంది, చుట్టూ వరసల్లో చిన్న చిన్న ఘట్టాలు, కొన్నింటి కింద తెలుగులో రాత కూడా. ఆ రాతలు ఎత్తి రాసుకునేటప్పుడు "తప్పులు" దిద్దేసింది. గీసినవాడి పలుకుబడి ఆ అక్షరాల్లోనే ఉంది కదా, దిద్దంగానే ఆ ఆధారం పోయింది.

ఎకనామిక్స్ పిల్లకు ఖర్చుల లెక్క. గుడ్డ, రంగులు, గీసేవాడి కూలి కూడింది. కలంకారీ గీసే ఆయన ఇంటికి ఆమె పోయింది రోజూ పదకొండు, పన్నెండు గంటలకు. ఆ వేళకు ఇంట్లో ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. రంగు నింపేదీ, గుడ్డ ఉతికేదీ, ఎండకేసి తిప్పేదీ వాళ్ళే, పొద్దున్నే. ఉదయం పని మొత్తం లెక్కలోకి రాకుండా పోయింది. నాలుగో పిల్లవాడు ఫోటోలు. వేరే రోజుల్లో వేరే గుడ్డల మీద తీసినవి కలిపి, పటిక పూయడం కంటే ముందు ఎరుపు రంగులో ఉడికించడం పెట్టినాడు, జరిగేది దానికి ఉల్టా.

నలుగురూ తెలివైనవాళ్ళే. కానీ ఒక్క పూట కూడా నలుగురూ ఒక్క కుండ చుట్టూ కూచోలేదు. కూచుని ఉంటే ఆ మేకులు చూసి ఆ గీసే ఇంటాయన నవ్వి ఉండేవాడు, అక్కడే తేలిపోయేది. ఇంకా సిగ్గయ్యేది ఏందంటే, ఆ రిపోర్టు ఒక్కసారి కూడా ఆయన ముందు చదవలేదు. చదివి ఉంటే పది నిమిషాల్లో నాలుగు తప్పులూ పట్టేవాడు. మార్కులొచ్చినాయి, కాగితం బీరువాలోకి పోయింది. వాళ్ళు నాలుగు నెలలు మన పిల్లలకు మజ్జిగిచ్చి, ఇంటి పద్ధతంతా చెప్పి, చివరికి వాళ్ళ నలుపు నిలవదని రాయించుకున్నారు. నా భయం ఇదే బుజ్జీ.

నువ్వు చేస్తే ఇట్లా చెయ్యి. శాఖను బట్టి పంచుకోవద్దు, ఒక్క ప్రశ్న పట్టుకోండి. "ఈ వీధిలో ఎరుపు ముందు మాదిరి రావడం లేదంటున్నారు, ఎందుకు?" అనుకో. ఎరుపు రావాలంటే పటిక గీసిన చోట ఆరబెట్టి, ఎక్కువైన పటిక పోయేదాకా పారే నీళ్ళలో ఉతకాల. స్వర్ణముఖిలో ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. బోరు నీళ్ళలో ఇనుముంటే ఎరుపు మసకబారుతుంది. అప్పుడు కెమిస్ట్రీవాడు నీళ్ళు పరీక్ష చెయ్యాల, చరిత్ర అమ్మాయి ఏటి సంగతి పెద్దవాళ్ళను అడగాల, ఎకనామిక్స్ పిల్ల నీళ్ళ ట్యాంకరు ఖర్చు రాయాల. పంచుకుందామన్నా ఆ ప్రశ్న మిమ్మల్ని పంచుకోనీదు.

చేసి చూసేటప్పుడు చిన్న ముక్కలతో మొదలుపెట్టు. అరచెయ్యంత గుడ్డముక్కలు పన్నెండు. మూడు సార్లు ఉడకేసి గంజి తీసేయి. నీటిచుక్క వేస్తే గుండ్రంగా నిలబడకుండా వెంటనే పీల్చుకోవాల, అప్పుడు గంజి పోయినట్టు. వంద గ్రాముల గుడ్డకు కరక్కాయ పొడి ఇరవై గ్రాములు, పటికా అంతే, అక్కడినుంచి ఎక్కువా తక్కువా చేసి చూడు. కరక్కాయ నీళ్ళలో బర్రెపాలు ఎందుకు కలుపుతారంటే ఆ కొవ్వు వల్ల గీత పాకకుండా నిలుస్తుంది. పాలు లేకుండా ఒక ముక్క పెట్టుకో, తేడా నీకే కనిపిస్తుంది. ఒక్కసారి ఒక్కటే మార్చు. ప్రతి ముక్క మూలలో పెన్సిల్‌తో నంబరు రాయి, ఇంకు పెన్ను ఉడికేటప్పుడు పోతుంది. కసిమి చిక్కగా ఉంటే మంచిదనుకోవద్దు, ఇనుము ఎక్కువైతే కొన్నేండ్లకు నల్లగీత వెంబడే గుడ్డ చీకిపోతుంది. మూత బిగించొద్దు, పులిసేటప్పుడు గాలి పుడుతుంది. సీసా పగిలితే హాస్టల్ వార్డెన్ నాకు ఫోన్ చేస్తుంది.

మనుషులతో మాట్లాడేటప్పుడు "ఎందుకు" అని మొదలుపెట్టొద్దు. "మా పెద్దలు చేసినారు, మేం చేస్తాండాం" అంటారు, మాట అక్కడ ఆగిపోతుంది. "ఎట్లా చేస్తారు, ఒకసారి చూపించండి" అను. చేతులు కదిలేటప్పుడు ఎందుకులు వాటంతట అవే వస్తాయి. రికార్డు చేసేముందు అడుగు. ఒప్పుకుంటే మొదటి పది సెకండ్లలో తేదీ, ఊరు, ఎవరు, ఒప్పుకున్నారా అనేది నీ గొంతుతో చెప్పు. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. గంట మాటలు కాగితం మీద పెట్టేదానికి అయిదారు గంటలు పడుతుంది, అందుకని ఒక రోజుకు ఒకరు చాలు. మూడు కాపీలు ఉంచు, అందులో ఒకటి వేరే చోట. నోటుబుక్కులో ఎడమ పేజీ చూసిందీ విన్నదీ, కుడి పేజీ నీకు తోచింది. ఆ రాత్రే రాయి. పొద్దున్నకు రెండూ కలిసిపోయి, నీకు తోచిందే చూసినట్టు గుర్తుంటుంది.

గంగ జాతర మీద పనిచేస్తానని మీ అమ్మతో అన్నావంట. మంచిదే. చిన్నప్పుడు బైరాగి వేషం చూసి నా కొంగులో దూరి "వాళ్ళకు చల్లగా లేదా అత్తా, ఒళ్ళంతా పూసుకున్నారు" అని అడిగినావు. చూడు, అది మంచి ప్రశ్న. మే నెల ఎండకూ ఆ పూతకూ ఉన్న సంబంధం అడిగేవాళ్ళు తక్కువ. అయితే జాతర చివర్లో అమ్మవారి విశ్వరూపం రోజు ఒక్కటే కెమెరా పట్టుకుని పోతే నీకు జనం తప్ప ఏమీ దొరకదు. జాతర మొదలయ్యేది చాటింపుతో. చాటింపు అయినాక ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదనే కట్టడి ఉంది. ఆ రాత్రి నుంచీ ఉండు, ఒక్కో వేషం ఏ రోజుదో, ఎవరింట్లో కడతారో, ఎవరు ఏ మొక్కు తీరుస్తున్నారో రాసుకో. వేషం కోసం చీర కట్టిన మగవాళ్ళను అడగకుండా ఫోటో తీసి ఫోన్లో పంచితే మాత్రం నేనే వచ్చి ఆ ఫోను తీసుకుంటా.

ఏ పనైనా సరే, ముగించే ముందు రెండు వారాలు విడిగా పెట్టుకో. రాసింది తెలుగులో నాలుగు పేజీలుగా చేసి, ఎవరి దగ్గర నేర్చుకున్నావో వాళ్ళ వసారాలో కూచుని చదివి వినిపించు. "అట్లా కాదు పాపా" అని వాళ్ళన్న ప్రతిచోటా గీత పెట్టుకో. తీసిన ఫోటోలు పెన్‌డ్రైవులో కాదు, ప్రింటు వేయించి ఇవ్వు. ప్రాజెక్టు గడువు ఇవ్వాళంటే ఈ పని ఎవరూ చెయ్యరు, అందుకే ముందే తేదీలు క్యాలెండర్లో గీసుకోమంటున్నా.

మీ నాయనతో గొడవ పడొద్దు. ఆయనకు క్రెడిట్ల లెక్క నేను చూపిస్తా. వచ్చే ఆదివారం ఇంటికి రా. కరక్కాయలు తెప్పించి ఎండబెట్టినా, దంచేది నీ పని. తుప్పు పట్టిన పాత తలుపు బందులు పెరట్లో రెండున్నాయి. గుడ్డ నువ్వు తెచ్చుకో, మూడు మీటర్లు, తెల్ల నూలుది, పాలియెస్టర్ కలిసింది కాదు. అంగట్లో నమ్మకం లేకపోతే ఒక పోగు లాగి కాల్చి చూడు: కాగితం మాదిరి కాలి మెత్తటి బూడిద అయితే నూలు, కరిగి ఉండకడితే వాపసివ్వు. రాగిసంగటీ ఊరిబిండీ చేసి ఉంచుతా. ముందు తిను, తర్వాత దంచు.

మీ అత్త