రెండు ల్యాబుల లెక్కలు కలవకపోతే

ప్రశ్న: కాకినాడ అఖాతంలో ఏరిన గుల్లలను ఒకే గంపలోంచి తీసి రెండు ల్యాబులకు పంపాము. వంద గ్రాముల మాంసానికి ఈ-కోలై (మల కాలుష్యాన్ని సూచించే పేగు బ్యాక్టీరియా) 230 అని ఒకరు, 490 అని మరొకరు ఇచ్చారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: ఈ అంకెలను బట్టే ఎవరో తప్పు చేశారని చెప్పలేము. గుల్ల మాంసాన్ని లోపలి నీటితో సహా మెత్తగా రుబ్బి, ఒక గ్రాము, అందులో పదోవంతు, నూరోవంతు చొప్పున ఐదేసి గొట్టాల్లో వేసి, ఈ-కోలై ఎన్నింటిలో పెరిగిందో చూసి పట్టిక ప్రకారం అంచనా కట్టే ఎంపీఎన్ (అత్యంత సంభావ్య సంఖ్య) పద్ధతి ఇది. మొదటి ఐదు గొట్టాల్లోనే పెరిగితే 230 వస్తుంది. రెండో వరుసలో మరో రెండు గొట్టాలు తోడైతే 490 అవుతుంది. పైగా 230 అనే ఫలితం వెనుక అసలు సంఖ్య సుమారు 70 నుంచి 700 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అయినా, బతికున్న గుల్లలను అమ్మేటప్పుడు ఐదు నమూనాల్లో నాలుగు 230 మించకూడదని, మిగిలిన ఒక్కటీ 700 దాటకూడదని ఐరోపా సమాఖ్య నియమం ఉన్నందున, ఈ తేడా మీకు ఎంత ముఖ్యమో అర్థం చేసుకోగలను.

అందుచేత రెండు ల్యాబులనూ ఆ రోజు కంట్రోల్ నమోదులు, అంటే పరీక్ష సరిగా పనిచేసిందో సరిచూసిన రాతలు, చూపించమని అడగండి. ఏమీ కలపని ద్రావణంలో ఏదీ పెరగకూడదు. గొట్టాల్లో పెరిగింది ఈ-కోలైయేనా అని రంగుతో తేల్చే టీబీఎక్స్ అగార్ (జెల్లీ లాంటి మాధ్యమం) మీద తెలిసిన ఈ-కోలై కల్చర్ నీలిపచ్చ కాలనీలు ఇవ్వాలి, క్లెబ్సియెల్లా వంటి వేరే బ్యాక్టీరియా ఇవ్వకూడదు. వీటిలో ఒక్కటి తప్పినా ఆ విడత ఫలితాలన్నిటినీ పక్కన పెట్టవలసిందే. అన్నిటికంటే నేను పట్టుబట్టేది ఇంక్యుబేటర్ ఉష్ణోగ్రత విషయంలో. అగార్ పళ్లేలను 44 డిగ్రీల వద్ద ఉంచాలి. వేడి అంతకు మించిపోతే ఈ-కోలై కూడా సరిగా పెరగక, కలుషితమైన సరుకు మంచిదిగా కనిపిస్తుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో, క్రమాంకనం చేసిన థర్మామీటరుతో రాసిన నమోదు లేకుండా డయల్ మీది అంకెను నమ్మడం ప్రమాదకరం.

నమూనా మీ చేతిలో ఉన్నప్పుడే చెడవచ్చు కూడా. గుల్లలు ఐసుకు నేరుగా తగిలితే కరిగిన నీరు లోపలికి చేరుతుంది, గుల్లలు చనిపోతాయి. మధ్యలో అడ్డు పెట్టి, చల్లగా, గడ్డకట్టకుండా, 24 గంటల్లో పరీక్ష మొదలయ్యేలా పంపి, అందినప్పటి ఉష్ణోగ్రతను నివేదికలో రాయమనండి. గుల్లకూ గుల్లకూ తేడా ఉంటుంది గనుక ఒక్కో నమూనాలో కనీసం పది ఉండాలి.

ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఆ గుర్తింపు పరిధిలో గుల్లలకు చేసే ఈ-కోలై పరీక్ష ఉందో లేదో చూడండి.