మేనల్లుడికి ఒక లేఖ: దేవుడికి చెప్పే కృతజ్ఞత ఇంటివాళ్ళకు కూడా చేరాలంటే

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. రోజూ ఉదయం ప్రార్థనలో కూర్చుని మంచి కుటుంబాన్ని ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నానని, లేచి గది గడప దాటేలోపే అదే కుటుంబం మీద విసుక్కుంటున్నానని, ఈ రెండింటికీ పొంతన కుదరక నీ భక్తి మీద నీకే అనుమానం వస్తోందని రాశావు. నీ భక్తిలో నాకు లోపమేమీ కనిపించలేదు. నీ కృతజ్ఞత వెళ్ళవలసిన దారిలో సగమే వెళ్ళి ఆగిపోతోంది, అంతే. ఆ మిగతా సగం గురించి, ముప్పై ఎనిమిదేళ్ళ సంసారంలో నాకు తెలిసివచ్చినంత మేరకు రాస్తాను.

ముందు నా సంగతి చెప్పాలి. ఆరేళ్ళ క్రితం నా కంటిలో శుక్లం తీశారు. చూపు తేటపడ్డాక పలకరించడానికి వచ్చిన ప్రతివారితోనూ "అంతా దేవుడి దయ" అన్నాను. నమ్మే అన్నాను, ఇప్పటికీ నమ్ముతాను. కొన్ని నెలల తర్వాత అలమారు తలుపు లోపలివైపు అతికించి ఉన్న ఒక కాగితం నా కంటపడింది. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, రెండో వారం ఐదుసార్లు, అలా తగ్గుతూ ఆరో వారానికి రోజుకు ఒక్కసారి వేయవలసిన చుక్కల మందు కోసం మీ అత్తయ్య గీసుకున్న పట్టిక అది. వేసిన ప్రతిసారీ పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టింది. కూర్చుని లెక్కపెట్టాను: 147. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు. నేను వచ్చినవాళ్ళకు దేవుడి దయ గురించి చెబుతుంటే ఆవిడ పక్కనే మందు సీసా మూత బిగిస్తూ నిలబడి ఉండేదన్న సంగతి, ఆ కాగితం చూసేదాకా నాకు స్ఫురించనే లేదు.

దేవుడి పేరు చెప్పి మనుషులను దాటవేయడం భక్తి ఉన్నవాళ్ళకు ఇట్టే అలవడే పొరపాటు. మతాలు దీన్ని ఎప్పుడో పసిగట్టాయి. మనుషులకు కృతజ్ఞత తెలపనివాడు దేవుడికి కూడా తెలపనట్టేనని మహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు హదీసులో, అంటే ఆయన మాటల సంకలనంలో, ఉంది. దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వారికి ఏమీ అర్పించకుండా అనుభవించేవాడిని భగవద్గీత మూడో అధ్యాయం నేరుగా దొంగ అంది. మర్యాద తెలియనివాడు అని సరిపెట్టలేదు. లూకా సువార్తలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే కృతజ్ఞత చెప్పడానికి వెనక్కి వచ్చినవాడు ఒక్కడే. మిగిలిన తొమ్మిదిమంది దుర్మార్గులని ఆ కథలో ఎక్కడా లేదు. బహుశా ఇల్లు చేరే తొందరలో ఉండి ఉంటారని నేను అనుకుంటాను. నీదీ నాదీ కూడా ఆ తొందరే.

ఇక చేయవలసినది. కృతజ్ఞత అనే మాటను విడదీసి చూడు: కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. ఎవరు ఏమి చేశారో ఎరిగి ఉండడమే తప్ప, మనసు కరిగిపోవడం గురించి ఆ మాటలో ఏమీ లేదు. అందువల్ల ప్రార్థనలో "మంచి కుటుంబాన్ని ఇచ్చావు" అని మొత్తంగా చెప్పడం మానుకో. అలా గుత్తగా చెప్పిన మాట నాలుగు రోజులకే నోటికి వచ్చి, మనసు ఎక్కడో తిరుగుతున్నా పెదవులు దాన్ని పూర్తిచేస్తాయి. "రాత్రి పిల్లకు జ్వరం వస్తే నా భార్య రెండుసార్లు లేచింది, నాకు మెలకువ వచ్చినా నేను లేవలేదు" అని చెప్పుకో. ఆ చివరి ముక్కను మాత్రం మింగేయకు, ఎందుకంటే విసుగును తగ్గించేది అదే. అవతలివారు చేసినదాని పక్కన నువ్వు చేయనిది కూడా కనబడినప్పుడు, గడప దాటగానే గొంతు పెంచడం అంత తేలిక కాదు.

తర్వాత ఆ మాటే ఆమెతో అనాలి. అయినవాళ్ళతో "కృతజ్ఞతలు" అంటే సభ చివర వందన సమర్పణ చేసినట్టుంటుంది, "థాంక్స్" అంటే మరీ తేలిపోతుంది. ఈ రెండూ అక్కర్లేదు. "రాత్రి రెండుసార్లు లేచావు, నేను చూశాను, ఇవాళ నేను చూసుకుంటాను, నువ్వు పడుకో" అంటే చాలు. మొదట్లో నోరు పెగలదు. అవతలివారు ఇబ్బంది పడతారేమోనన్న జంకు నీ ఒక్కడిదే కాదు. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2018లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞతా లేఖలు రాసినవారు అవతలివారికి ఇబ్బందిగా ఉంటుందని ఉన్నదానికన్నా ఎక్కువగా, సంతోషం కలుగుతుందని ఉన్నదానికన్నా తక్కువగా ఊహించుకున్నారని తేలింది. మీ అత్తయ్యకు ఆ కాగితం చూపించినప్పుడు ఆవిడ "ఇంకా ఉందా అది!" అని మాత్రమే అని లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ రోజంతా కూనిరాగం తీస్తూనే ఉంది.

ఇలా అందిన మేళ్ళను పుస్తకంలో రాసుకోవచ్చా అని అడిగావు. రాసుకో, కానీ వారానికి ఒక్కసారి చాలు. ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో వెలువరించిన అధ్యయనంలో పది వారాలపాటు వారానికి ఒకసారి, అయిదింటికి మించకుండా తమకు అందిన మేళ్ళను రాసుకున్నవాళ్ళు, చికాకులను రాసుకున్నవాళ్ళకన్నా జీవితం పట్ల ఎక్కువ తృప్తిగా ఉన్నారు. వారానికి మూడుసార్లు రాసినవాళ్ళలో అంత మార్పు రాలేదని, ఒక్కసారి రాసినవాళ్ళకే మేలు జరిగిందని సోన్యా ల్యుబోమిర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం గమనించింది. ప్రార్థన రోజూ చేసుకో. లెక్కలు రాసే పనిని మాత్రం రోజువారీ మొక్కుబడి చేసుకోకు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఇది మావంటి పెద్దవాళ్ళ మీద చేస్తున్న ఫిర్యాదు అనుకో. "నిన్ను ఇంతవాడిని చేశాం" అంటూ కృతజ్ఞతను అప్పుపత్రంలా పిల్లల ముందు పెట్టడం మా తరానికి బాగా వచ్చు. అలా అడిగి పుచ్చుకున్నది కృతజ్ఞత కాదు, వసూలు. నీకు మేలు చేసినవాళ్ళు నీకు అన్యాయం కూడా చేసి ఉండవచ్చు. ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన రెండోదాన్ని దాచిపెట్టనక్కర్లేదు. రేపు నీ కూతురి దగ్గర ఆ మాట నీ నోటివెంట రాకుండా చూసుకో. దుఃఖంలో ఉన్నవాళ్ళకు కృతజ్ఞత బోధించవద్దు. మా అన్నయ్య పోయిన మర్నాడు ఒక పెద్దమనిషి వచ్చి, ఇన్నాళ్ళు బతికినందుకైనా దేవుడికి దణ్ణం పెట్టుకో అన్నాడు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ ఆయనను క్షమించడానికి నాకు ఏడాది పట్టింది.

ఇంత రాసినవాడిని నేను కూడా ఒక బాకీ తీర్చలేదు. మా నాన్నగారు పోయాక మూడేళ్ళపాటు నా పరీక్ష ఫీజులు కట్టడానికి మీ అమ్మ తన చదువు మానుకుని, సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్లు చెప్పింది. ఆ సంగతి నీకు తెలిసి ఉండదు, ఎందుకంటే తను ఎన్నడూ చెప్పుకోదు. నేను వేల ప్రార్థనల్లో తలచుకున్నాను కానీ మా అక్కతో ఒక్కసారి కూడా అనలేదు. నీ ఉత్తరం ముగించి, ఇదే కలంతో తనకు రాయబోతున్నాను. నువ్వు మాత్రం ముందుగా చెప్పేయకు.

ఇట్లు,
మీ మామయ్య