‘ఓనర్‌షిప్ లేదు’ అని రేటింగ్ తగ్గిస్తే ఏం అడగాలి?

ఏడాదంతా ఒళ్లు వంచి పనిచేసినా రేటింగ్ తగ్గింది, కారణం అడిగితే మేనేజర్ ‘ఓనర్‌షిప్ (పనిని సొంత బాధ్యతగా తీసుకోవడం) కనిపించలేదు’ అని ఊరుకున్నారు, హెచ్‌ఆర్‌కి వెళ్లాలా అని అడిగారు కదా. అప్పుడే వద్దండి. ఆ ఒక్క మాట పట్టుకుని వెళ్తే వాళ్లూ తిరిగి మీ మేనేజర్‌నే అడుగుతారు.

ముందు ఆయన్ని అరగంట టైమ్ అడగండి. ‘నాకెందుకు తగ్గించారు’ అంటే ఆయన తనను సమర్థించుకోవడం మొదలుపెడతారు. ‘ఏ పనిలో మీకలా అనిపించింది? అప్పుడు నేనేం చేసుంటే బాగుండేది?’ అని అడిగి, నోరు మెదపకుండా వినండి. (అదే కష్టం!) చాలాసార్లు బయటపడేది చివరి రెండు నెలల్లో జరిగిన ఏదో ఒక్క సంఘటన. దీన్నే రీసెన్సీ బయాస్ అంటారు. మొదటి పది నెలల పని గుర్తుండదు, మొన్నటి పొరపాటు మాత్రం కళ్లముందే ఉంటుంది. ఏడాదికోసారి చేసే రివ్యూల్లో ఈ జబ్బు ఎక్కువ. సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ 2012లోనే వాటిని ఎత్తేసి, తరచూ కూర్చుని మాట్లాడుకునే పద్ధతికి మారింది.

మీటింగ్ అయిన రోజే మెయిల్ పెట్టండి: ‘ఇవాళ మనం అనుకున్నవి ఇవి. వచ్చే మూడు నెలల్లో నేను చేయాల్సినవి ఇవి. తప్పుగా అర్థం చేసుకుంటే చెప్పండి.’ నాలుగు లైన్లు చాలు. జవాబు రాకపోయినా తేదీతో సహా రికార్డు ఉంటుంది.

ఆయన ఒక్క ఉదాహరణ కూడా చెప్పలేకపోతే, అప్పుడు ఆ మెయిల్‌తో హెచ్‌ఆర్‌కి వెళ్లండి. ఈ ఏడాది రేటింగ్ మారుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఫైనల్ అయ్యాక మార్చడం అరుదు.