స్టీరింగ్ వీల్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ ఎంత పెట్టుకోవాలి?

హనుమకొండ నుంచి ఒకరు అడిగారు: లాజిటెక్ జీ29 గేమింగ్ వీల్ కొని, అసెట్టో కోర్సా అనే కార్ రేసింగ్ గేమ్‌లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (టైర్ల మీది బలాన్ని మోటార్లతో చేతికి తెలియజేసేది) గెయిన్, అంటే దాని మోతాదు, 100 పెడితే, మలుపుల్లో వీల్ బండలా బిగుసుకుపోతోంది, టైరు జారేది మాత్రం తెలియట్లేదు, ఎందుకు?

దీన్ని క్లిప్పింగ్ అంటారు. జీ29 మోటార్లు ఇవ్వగలిగే బలం సుమారు 2 న్యూటన్ మీటర్లే. గేమ్ ఎంత ఎక్కువ అడిగినా చేతికి అందేది అంతే. పట్టు తగ్గుతున్నప్పుడు రావాల్సిన తేడా అక్కడే మాయమవుతుంది. గేమ్‌లో పెడల్స్ యాప్ (తెర మీద వచ్చే చిన్న విండో) తెరవండి. వేగంగా తిరిగే పొడవాటి మలుపులో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ బార్ ఎర్రగానే ఉండిపోతే, గెయిన్ ఐదేసి చొప్పున దించండి. కర్బ్ (ట్రాక్ అంచున ఉండే గట్టు) ఎక్కినప్పుడు క్షణంసేపు ఎర్రబడితే పర్వాలేదు. కారు మారిస్తే మళ్లీ చూసుకోవాల్సిందే.

వీల్ తిన్నగా ఉన్నప్పుడు వదులుగా అనిపిస్తే మినిమమ్ ఫోర్స్ (చిన్న బలాలు కూడా చేతికి తెలిసేలా చేసే సెట్టింగ్) కొంచెం పెంచండి. మరీ పెంచితే స్ట్రెయిట్‌లో వీల్ తనంతట తానే అటూ ఇటూ ఊగుతుంది. లాజిటెక్ సాఫ్ట్‌వేర్ జీ హబ్‌లో, వీల్‌ను ఎప్పుడూ మధ్యకు లాగే సెంటరింగ్ స్ప్రింగ్ ఆపేయండి. కర్బ్, రోడ్ ఎఫెక్టులు నేనైతే సున్నాలోనే ఉంచుతాను. అవి అదనపు హంగులే, పైగా రాత్రిపూట వీల్ లోపలి గేర్ల గలగలకు కింద పోర్షన్ వాళ్లు మెట్లెక్కి వస్తారు.